పెళ్లి కాని జంటలు, స్వలింగ జంటలు విదేశం వెళ్లాలంటే: వీసా, ఉద్యోగం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు, మార్కాపురం వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో బయటి దేశం వెళ్లని వీధి లేదు. వెళ్లేవాళ్లలో పెళ్లి కాకుండానే కలిసి బతుకుతున్న జంటలున్నారు. జంటగా ఉన్న ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారు. కన్సల్టెన్సీలో నలుగురి ముందు నోరు తెరిచి అడగలేని ప్రశ్నలు వీళ్లవి. అందుకే ఇక్కడ విడమరిచి చెబుతున్నాం. వీసా రూల్స్ తరచూ మారతాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ దేశ ఇమ్మిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

పెళ్లి సర్టిఫికెట్ లేకుండా ఇద్దరం కలిసి వెళ్లే దారి అసలు ఉందా?

ఉంది. కెనడా, యూకే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, నెదర్లాండ్స్ పెళ్లి కాని భాగస్వామిని కూడా కుటుంబంగా ఒప్పుకుంటాయి. జంటలో ఇద్దరూ ఆడవాళ్లా, ఇద్దరూ మగవాళ్లా అన్న తేడా అక్కడ చూడరు. అమెరికా, జర్మనీ మాత్రం పెళ్లి అడుగుతాయి. ఆ పెళ్లి స్వలింగ జంటదైనా వాళ్లకు సమ్మతమే. గల్ఫ్ దేశాల్లో పెళ్లి కాని భాగస్వామికీ, స్వలింగ పెళ్లికీ దారి లేదు.

ఆగిపోయే కేసుల్లో చాలావరకు చట్టం దగ్గర ఆగవు, కాగితం దగ్గర ఆగుతాయి. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం ఒక్కటీ ఉండదు. కాబట్టి ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో చేరిన రోజు నుంచే, వీలైతే ఇంకా ముందు నుంచే, మీ జంటకు సాక్ష్యం పోగు చేయడం మొదలుపెట్టండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

మన దేశంలో ఇలా ఉండటం నేరమా? వీసా ఆఫీసర్‌కు చెబితే ఇక్కడ ఇబ్బంది వస్తుందా?

నేరం కాదు. మేజర్లయిన ఆడా మగా పెళ్లి లేకుండా కలిసి ఉండటం తప్పు కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల వరకు, 2018 సెప్టెంబరు 6న కొట్టేసింది. కానీ స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి 2023 అక్టోబరు 17న ఒప్పుకోలేదు. మన ఇబ్బందంతా ఈ సందులోనే ఉంది. కలిసి ఉండొచ్చు, కానీ ఉన్నట్టు ప్రభుత్వం కాగితం ఇవ్వదు.

మన రాష్ట్రానికి సంబంధించి ఒక మాట. తల్లిదండ్రులు తీసుకెళ్లిపోయిన ఒక మేజర్ యువతి విషయంలో 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆమె తన భాగస్వామి అయిన మరో యువతితో ఉండొచ్చని, ఇంటివాళ్లు అడ్డుపడకూడదని చెప్పింది. ఇంట్లో బంధిస్తారని, పాస్‌పోర్టు లాక్కుంటారని భయపడేవాళ్లు ఈ తీర్పు సంగతి లాయరుకు చెప్పండి.

వీసా దరఖాస్తులో మీరు రాసింది ఆ దేశం మీ ఊరికో మీ ఇంటికో పంపదు. బయటపడేది వేరే దారుల్లో. పాస్‌పోర్టు కొరియర్ ఇంటికొచ్చి నాన్నగారి చేతిలో పడుతుంది. మెసేజ్ అన్నయ్య ఫోన్‌కు వెళ్తుంది. ఫైలు కన్సల్టెన్సీ బల్ల మీద తెరిచి ఉంటుంది. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. వీసా సెంటర్‌లో స్వయంగా తీసుకునే వీలుంటే అదే ఎంచుకోండి.

కలిసి ఉన్నామని ఎలా రుజువు చేయాలి?

ముందు ఇల్లు. మనవైపు అద్దె అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. కెనడా, ఆస్ట్రేలియా అడిగేది 12 నెలలు. అంటే ఒక్క అగ్రిమెంటు మీకు చాలదు. 11 నెలలు అవగానే రెన్యువల్ రాయించి రెండూ దాచండి. రెండింట్లోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి. ఓనరు మామూలుగా ఒకరి ఆధార్ తీసుకుని ఒకరి పేరే రాయిస్తాడు. "మా ఆఫీసులో ఇద్దరికీ అడ్రస్ ప్రూఫ్ అడుగుతున్నారండీ" అంటే మామూలుగా కాదనరు.

స్వలింగ జంటలకు ఇక్కడ ఒక సులువు, ఒక చిక్కు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు లాయర్‌పేటలోనో ఇద్దరు అబ్బాయిలకు బ్యాచిలర్స్ అని ఇల్లు ఇస్తారు, ఇద్దరు అమ్మాయిలు కొలీగ్స్ అంటే ఇంకా తేలిగ్గా ఇస్తారు. అది సులువు. చిక్కేమిటంటే, అదే అగ్రిమెంటు చూసి వీసా ఆఫీసర్ మిమ్మల్ని రూమ్మేట్స్ అనుకోవడానికీ అంతే వీలుంది. కాబట్టి రూమ్మేట్స్ చేయని పనులకు కాగితాలు కావాలి. రూమ్మేటును ఎవరూ ఎల్ఐసీ పాలసీలో నామినీగా రాయరు. రూమ్మేటుతో జాయింట్ అకౌంట్ తెరవరు. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది: స్వలింగ జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. బ్రాంచిలో తటపటాయిస్తే ఈ ఉత్తర్వు సంగతి చెప్పండి. ఆ అకౌంట్ ఖాళీగా పడి ఉంటే పనికిరాదు. ఇద్దరి జీతాల్లోంచీ నెలనెలా కొంత అందులో పడాలి. అద్దె, కరెంటు బిల్లు, కిరాణా అందులోంచే పోవాలి. ఆరు నెలల స్టేట్‌మెంట్ చూస్తే ఒక కాపురం కనపడాలి.

మిగతావి చిన్నవే, కానీ బరువైనవి. ఆసుపత్రిలో చేరినప్పుడు కేసు షీటులో అటెండరుగా ఎవరి పేరు రాశారు? ఆఫీసులో ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఎవరు? ఇద్దరూ కలిసి తిరుమల వెళ్లిన టికెట్లు, ఒకే బుకింగ్‌లో ఉన్న రైలు టికెట్లు, ఒకే అడ్రసుకు వచ్చిన పార్శిళ్లు. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి కట్టలు పంపేవాళ్లున్నారు, అక్కర్లేదు. నెలకు ఒకటి రెండు పేజీలు, తేదీ కనపడేలా, చాలు. "పాలు తెచ్చావా, గ్యాస్ వచ్చిందా, అమ్మ ఫోన్ చేసింది" లాంటి మాటలున్న పేజీలే తీయండి. ప్రేమ కబుర్ల కంటే ఇవే ఎక్కువ నమ్మిస్తాయి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవాళ్ల పేరు, సంతకం, వివరాలతో జతచేయాలి.

మీ సంగతి తెలిసిన స్నేహితులు ఇద్దరు ముగ్గురు రాసిన ఉత్తరాలు కూడా పెట్టండి. "వీళ్లు మంచివాళ్లు" అని రాస్తే ఏమీ లాభం లేదు. ఎప్పటినుంచి తెలుసు, ఏ ఇంట్లో చూశారు, ఏ పండక్కి కలిశారు, అది రాయాలి.

నెల్లూరులో ఆడా మగా పెళ్లి కాకుండా కలిసి ఉంటే ఎవరూ ఇల్లు ఇవ్వరు. మేం వేరువేరు హాస్టళ్లలో ఉన్నాం. మా పరిస్థితి?

మీకు ముందు చూడదగ్గది యూకే. పెళ్లి కాని భాగస్వాములు రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి తీరాలన్న షరతును 2024 జనవరి 31 నుంచి తీసేశారు. రెండేళ్లుగా పెళ్లిలాంటి సంబంధంలో ఉన్నామని చూపాలి. కలిసి ఎందుకు ఉండలేకపోయారో ఒక పేజీలో సూటిగా రాయండి: ఊళ్లో ఇల్లు ఇవ్వరని, ఇంట్లో తెలిస్తే ప్రమాదమని, ఉద్యోగాలు వేరే ఊళ్లలో అని. మీరు ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారో డబ్బు లెక్కలు, ప్రయాణాలు, ఫోన్ వివరాలతో చూపించండి.

కెనడా, ఆస్ట్రేలియా అయితే బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో ఉద్యోగం చూసుకుని ఏడాది పైన ఒకే ఇంట్లో ఉండటం మేలు. మనవాళ్లలో చాలామంది చేస్తున్నదదే.

కెనడా?

అక్కడ దీన్ని కామన్ లా పార్ట్‌నర్ అంటారు. 12 నెలలు ఆగకుండా ఒకే ఇంట్లో ఉండాలి. మధ్యలో పండగకు ఊరు వెళ్లొస్తే ఫరవాలేదు. ఐఎంఎం 5409 అనే డిక్లరేషన్ నింపి నోటరీ ముందు సంతకం చేయాలి. కలిసి ఉండటానికే వీల్లేని జంటలకు కాంజుగల్ పార్ట్‌నర్ అని ఇంకో తరగతి ఉంది, కానీ అది కెనడా పౌరులు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసేటప్పుడే వర్తిస్తుంది. స్టడీ పర్మిట్‌కు, నైపుణ్యం ఉన్నవాళ్లు పీఆర్‌కు వేసుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి అది పనికిరాదు. ఏజెంట్లు దీన్ని కలిపేసి చెబుతుంటారు, జాగ్రత్త.

ఉద్యోగం సంగతి 2025 జనవరి 21 నుంచి బిగించారు. ఒకరు చదువుకు వెళ్తే రెండోవాళ్లకు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి) రావాలంటే ఆ చదువు కనీసం 16 నెలల మాస్టర్స్, పీహెచ్‌డీ, లేదా నర్సింగ్, ఇంజినీరింగ్ లాంటి కొన్ని వృత్తి డిగ్రీలు అయి ఉండాలి. డిప్లొమాలకు ఇక రాదు. సీటు ఎంచుకునే ముందే ఇద్దరూ కూర్చుని దీన్ని చూసుకోండి. పన్నెండు నెలల మాస్టర్స్‌కు ఫీజు కట్టేశాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది ఉండదు.

యూకేలో భాగస్వామి పనిచేయొచ్చా?

డిపెండెంట్ పార్ట్‌నర్ వీసా, అంటే మీ వీసా ఆధారంగా భాగస్వామికి ఇచ్చే వీసా, వస్తే దాదాపు ఏ పనైనా చేయొచ్చు. వీసా రావడమే కష్టమైంది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు ఎవరినీ తీసుకెళ్లలేరు, పరిశోధన కోర్సులవాళ్లకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకే ఆ వీలు. కేర్ వర్కర్లు (వృద్ధుల్ని, జబ్బుపడ్డవాళ్లను చూసుకునేవాళ్లు) 2024 మార్చి 11 నుంచి డిపెండెంట్లను తీసుకెళ్లలేరు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఇంకా కేర్ వీసా ఇప్పిస్తామని మీ ఊరికొచ్చి లక్షలు అడిగేవాళ్లుంటే నమ్మకండి.

నర్సుల సంగతి వేరు. మన వైపు బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు చాలామంది. రిజిస్టర్డ్ నర్సుగా వెళ్తే భాగస్వామిని తీసుకెళ్లొచ్చు. ఆరు నెలలు మించిన వీసాకు ఇద్దరికీ టీబీ పరీక్ష ఉంటుంది. నెల్లూరువాళ్లకు చెన్నై దగ్గర. పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావొచ్చు, ఇంట్లో ఇంటర్వ్యూ అని చెప్పి వెళ్లేవాళ్లకు ఇదీ ముఖ్యమే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్?

పెళ్లి లేకున్నా దంపతుల్లా బతికేవాళ్లను ఆస్ట్రేలియా వాళ్లు డీ ఫ్యాక్టో అంటారు. పార్ట్‌నర్ వీసాకూ స్టూడెంట్ వీసాకూ 12 నెలల సంబంధం చూపాలి. పార్ట్‌నర్ వీసాకైతే న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్ లాంటి రాష్ట్రాల్లో సంబంధాన్ని రిజిస్టర్ చేయించుకుంటే ఆ 12 నెలల లెక్క అడగరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల భాగస్వామి రెండు వారాలకు 48 గంటలు పనిచేయొచ్చు. ఆ చదువు మాస్టర్స్, పీహెచ్‌డీ అయితే ఆ పరిమితి లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. స్టూడెంట్ వీసాకు వేసేటప్పుడే, వెంట రాకపోయినా, భాగస్వామి పేరు ఫారంలో రాయాలి. ముందు నేను వెళ్లి తర్వాత పిలిపించుకుంటాను అనుకుని పేరు రాయకపోతే, తర్వాత వాళ్లను అదే వీసా కింద పిలిపించుకోలేరు.

న్యూజిలాండ్‌లో రెసిడెన్స్‌కు 12 నెలలు కలిసి ఉండాలి. వర్క్ వీసా భాగస్వామికి పని హక్కు మీ జీతం, ఉద్యోగం స్థాయి బట్టి ఉంటుంది.

అమెరికా?

పెళ్లి కాని భాగస్వామికి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వామి వీసా) లేదు, ఎఫ్-2 (ఎఫ్-1 విద్యార్థుల జీవిత భాగస్వామి వీసా) లేదు. కలిసి బతుకుతున్న భాగస్వామి బీ-2 విజిటర్ వీసా మీద వెంట ఉండొచ్చని వాళ్ల నిబంధనల్లో ఉంది, కానీ దాని మీద పనిచేయకూడదు, ఇచ్చేదీ ఇవ్వనిదీ ఆఫీసర్ ఇష్టం. దాన్ని నమ్ముకుని ఇక్కడ ఉద్యోగం మానేయమని మేం చెప్పం.

పెళ్లి జరిగిన చోట అది చట్టబద్ధమైతే అమెరికాకు చాలు. అమెరికా సుప్రీంకోర్టు 2013 జూన్ 26 తీర్పు తర్వాత స్వలింగ దంపతులకూ అన్ని వీసాల్లో అదే లెక్క. కాబట్టి ఇద్దరూ ఎవరి ఎఫ్-1 మీద వాళ్లు వెళ్లి, అక్కడ కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసుకుని, ఒకరికి హెచ్-1బీ వచ్చాక రెండోవాళ్లు హెచ్-4కు మారడం చాలామంది పట్టే దారి. హెచ్-4కు పని హక్కు వెంటనే రాదు, భాగస్వామి గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందాలి. కంపెనీ తన అమెరికా ఆఫీసుకు ఎల్-1 వీసా మీద పంపితే, పెళ్లయిన భాగస్వామికి ఎల్-2 మీద పని హక్కు నేరుగా ఉంది. జూమ్‌లో ఆన్‌లైన్ పెళ్లి చేసుకునేవాళ్లు ఇది తెలుసుకోండి: పెళ్లప్పుడు ఇద్దరూ ఒకచోట లేకపోతే, ఆ తర్వాత కలిసి కాపురం చేసినట్టు లేకపోతే, ఇమ్మిగ్రేషన్‌కు ఆ పెళ్లి చెల్లదు.

ఐరోపా దేశాలు?

నెదర్లాండ్స్ ఈ విషయంలో అందరికంటే ముందుంది. ప్రపంచంలో మొదటి స్వలింగ వివాహాలు అక్కడే, 2001 ఏప్రిల్ 1న జరిగాయి. హైలీ స్కిల్డ్ మైగ్రెంట్‌గా (నైపుణ్యం ఉన్న ఉద్యోగిగా) వెళ్లినవాళ్ల భాగస్వామి, పెళ్లి లేకున్నా, స్వేచ్ఛగా పనిచేయొచ్చు. ఇద్దరికీ పెళ్లి కాలేదని ధ్రువపత్రం, దానిమీద అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) అడుగుతారు. ఐర్లాండ్ డీ ఫ్యాక్టో భాగస్వామికి రెండేళ్లు కలిసి ఉన్న రుజువు అడుగుతుంది, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరత ఉన్న వృత్తులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) ఉన్నవాళ్ల భాగస్వామికి స్టాంప్ 1జీ అనే నివాస అనుమతి మీద పని హక్కు ఇస్తుంది. నర్సులు ఆ జాబితాలో ఉన్నారు.

జర్మన్ భాష నేర్చుకుని నర్సింగ్ కోసం జర్మనీ వెళ్లే పిల్లలు ఇప్పుడు బాగా పెరిగారు. అక్కడ పెళ్లి లేకుండా కుటుంబ వీసా లేదు. 2017 అక్టోబరు 1 నుంచి స్వలింగ వివాహం ఉంది. ఇద్దరూ విదేశీయులైన జంటలు చాలామంది డెన్మార్క్‌లో పెళ్లి చేసుకుంటారు, కాగితాల పని అక్కడ తక్కువ. పెళ్లయ్యాక రెండోవాళ్లు మామూలుగా ఇండియాకు తిరిగొచ్చి ఫ్యామిలీ వీసాకు వేసుకోవాలి. అది వచ్చాక పనికి అడ్డు లేదు.

కువైట్, దుబాయ్?

పెళ్లి కాని భాగస్వామికి రెసిడెన్స్ వీసా లేదు. యూఏఈలో 2020 నుంచి పెళ్లి లేకుండా ఆడా మగా ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదు. స్వలింగ సంబంధం మాత్రం అక్కడా, కువైట్‌లోనూ, సౌదీలోనూ నేరమే. వెళ్లక తప్పకపోతే ఎవరి ఉద్యోగ వీసా మీద వాళ్లు వెళ్లండి. ఫోన్లో ఫొటోలు, చాట్లు, డేటింగ్ యాప్‌లు తీసేసి విమానం ఎక్కండి. మీ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ల కోసమైనా ఈ జాగ్రత్త తీసుకోండి.

మేం ఆడా మగా. రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుని వెళ్లడం తేలిక కదా?

ఇద్దరికీ ఇష్టమైతే చాలా తేలిక, అన్ని దేశాల్లోనూ. కులమో మతమో వేరై, ఇంట్లో తెలియకుండా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుందామంటే ఒకటి చూసుకోండి. నోటీసు 30 రోజులు ఆఫీసులో అంటిస్తారు. మీరు హైదరాబాద్‌లో ఇచ్చినా, శాశ్వత చిరునామా కోవూరో కనిగిరో అయితే ఆ నోటీసు కాపీ మీ జిల్లా ఆఫీసుకూ వెళ్తుంది.

మేం ఇద్దరం అమ్మాయిలం. విదేశంలో పెళ్లి చేసుకుంటే ఇక్కడ చెల్లుతుందా?

ఇక్కడ చెల్లదు. మన ఎంబసీలూ రిజిస్టర్ చేయవు. కానీ వీసా ఇచ్చే దేశానికి అది చెల్లుతుంది, మీకు కావలసింది అదే. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహం చట్టబద్ధం, దగ్గర కూడా. అయితే అక్కడ విదేశీయుల్ని పెళ్లి కాలేదని తమ ఎంబసీ కాగితం తెమ్మంటారు. ఆ కాగితం సంగతి తేల్చుకోకుండా టికెట్లు కొనొద్దు.

నేను ట్రాన్స్ మహిళను. నా భాగస్వామి పురుషుడు. మాకు?

మీరు మన దేశంలోనే పెళ్లి చేసుకోవచ్చు. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులకు ఇప్పుడున్న చట్టాల కిందే ఆ హక్కు ఉందని 2023 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒంగోలు నుంచి వెళ్లిన ఒక కేసులో 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ట్రాన్స్ మహిళ మహిళేనని తేల్చింది. పెళ్లికి ముందు 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కింద కలెక్టరు ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం తీసుకుని, దాని ప్రకారం ఆధార్, పాస్‌పోర్టు మార్చుకోండి. పేరు, లింగం అన్నిట్లో ఒకేలా ఉంటే వీసా కౌంటర్ దగ్గర సగం ప్రశ్నలు రావు.

ఫారంలో ఫ్రెండ్ అనో కజిన్ అనో రాస్తే గొడవ ఉండదని ఏజెంట్ అంటున్నాడు.

రాయకండి. ఈ రోజు విజిటర్ వీసాలో ఫ్రెండ్ అని రాసి, రెండేళ్ల తర్వాత పార్ట్‌నర్ వీసాలో అప్పటినుంచే భాగస్వాములం అంటే ఏదో ఒకటి అబద్ధమని వాళ్లే తేలుస్తారు. పాత దరఖాస్తులు వాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయి. తప్పుడు సమాచారం అని ముద్ర పడితే ఏళ్ల తరబడి నిషేధం ఉంటుంది. ఇంట్లో చెప్పలేకపోవడం తప్పు కాదు, ఫారంలో చెప్పకపోవడం నష్టం. సంతకం పెట్టే ముందు ఏజెంట్ నింపిన ఫారం ప్రతి పేజీ మీరే చదవండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకోండి.

డిపెండెంట్‌గా వెళ్లాక విడిపోతే?

డిపెండెంట్ వీసా ఆ సంబంధం మీదే నిలబడుతుంది. విడిపోతే ఇమ్మిగ్రేషన్‌కు చెప్పి, కొద్దికాలంలో వేరే వీసాకు మారడమో తిరిగి రావడమో చేయాలి. హింస వల్ల విడిపోతే యూకే, కెనడా, ఆస్ట్రేలియాల్లో కొన్ని వీసాల మీద ఉన్నవాళ్లకు ప్రత్యేక రక్షణ ఉంది. అందుకే ఇంటికి తెలియకుండా వెళ్లే జంటలకు మేం మొదట చెప్పేది, వీలైతే ఇద్దరూ ఎవరి చదువు వీసా మీదో ఎవరి ఉద్యోగ వీసా మీదో వెళ్లమని. ఖర్చు ఎక్కువే. ఒకరికే వీలైతే, వెనక వెళ్లేవాళ్లు తమ డిగ్రీ ఒరిజినల్స్, మార్కుల లిస్టులు, అనుభవ పత్రాలు, సొంత పేరున బ్యాంకు అకౌంట్ తమ దగ్గరే ఉంచుకోవాలి. తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు ఆ అకౌంట్‌లోనే ఉండాలి, తమ పాస్‌పోర్టు తమ పెట్టెలోనే ఉండాలి.